ప్లాను లేని ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. వాళ్ళ కాలంలో ఉన్న ఇల్లు అమ్ముకోవడం అప్రతిష్ట కాబట్టి, కొనే ప్రసక్తి వచ్చి ఉండదు కాబోలు. నేను కొని చూశాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ అయిదు నెలల్లో తెలిసిన సంగతులు ఎమ్మే రెండేళ్ళలోనూ తెలియలేదంటే నమ్మండి.

కోనసీమలో, అమలాపురానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, కాలవగట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక మండువా లోగిలి. మా నాన్నగారు ఆ ఊరి బడిలో పంతులుగా పనిచేసిన రోజుల్లో, ఆ ఇంటికి నాలుగిళ్ళ అవతల తాటాకింట్లో అద్దెకుండేవాళ్ళం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడ్డప్పుడు నేను ఇంటరు చదువుతున్నాను. మా ఇంటి కప్పు మొదటి గంటలోనే లేచిపోయింది. నాన్నగారు చెల్లెల్ని భుజాన వేసుకుని, అమ్మ ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో బియ్యం డబ్బానూ పట్టుకుని ఆ లోగిలి తలుపు తట్టారు. తట్టనక్కర్లేకపోయింది. తీసే ఉంది. అప్పటికే పాతికమంది చేరారు లోపల. రాత్రల్లా పెంకులు ఒక్కొక్కటే ఎగిరిపోవడం, మండువాలో నీళ్ళు మోకాలిబంటి నిలవడం, ఇంటావిడ పసిపిల్లల్ని మంచాల మీదికి ఎక్కించి తను నీళ్ళలో నిలబడడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తెల్లవారి చూస్తే ఊరి కొబ్బరితోటలు నేలమట్టమై ఉన్నాయి. ఆ ఇంటి గోడ మాత్రం ఒక్కటీ బీట తీయలేదు.

పాతికేళ్ళ తరవాత, 2021లో, ఆ ఇల్లు అమ్మకానికి వచ్చిందని కబురు తెలిసింది. ఇంటాయన 2010లోనే పోయారు. ఆవిడకిప్పుడు ఎనభై ఏళ్ళు. ఊరంతా ఆవిణ్ణి మామ్మగారంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. తల్లిని తనతో తీసుకుపోతానన్నాడు. మొత్తం ఇరవైరెండు లక్షలకు బేరం కుదిరింది. మా ఆవిడకి నేను అసలు కారణం చెప్పలేదు. "గాలి మంచిది, పిల్లలకి సెలవుల్లో బావుంటుంది" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "తుపాను ఇల్లేనా?" అంది. నేను రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాను.

ఇక్కడే నా తెలివి బయటపడింది. కాగితాలు చూడకముందే డబ్బిచ్చాను.

బ్యాంకుకి అప్పు కోసం వెళ్ళాను. మేనేజరుగారు మర్యాదస్తులు. కాఫీ తెప్పించి, "లింకు దస్తావేజులు, ఈసీ, ఆమోదం పొందిన ప్లాను, పన్ను రసీదు, ఈ నాలుగూ తెండి మాస్టారూ, వారంలో ఇచ్చేద్దాం" అన్నారు. ఆ నాలుగింటిలో మామ్మగారి ఇనప్పెట్టెలో ఉన్నది ఒక్కటే, పన్ను రసీదులు. 1960ల నుంచీ ఉన్నాయి, దారానికి గుచ్చి. అన్నిటి మీదా ఒకటే రాత: "పెంకుటిల్లు 1". రసీదుల దండ చూసి మేనేజరుగారు నవ్వారు. "ఇవి పన్ను కట్టారనడానికి సాక్ష్యం. ఇల్లు మీదనడానికి కాదు. పక్కవాడి ఇంటికి మీరు పన్ను కట్టినా పంచాయతీ రసీదిస్తుంది" అన్నారు. ఆ మాట నిజమే. కోర్టులు కూడా పన్ను రసీదును హక్కు పత్రంగా ఒప్పుకోవు.

"మరి ప్లాను?"

"1958లో కట్టిన ఇల్లండీ. అప్పుడు ప్లాను ఎవరడిగారు?"

"అప్పుడు అడగలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను కదా!"

అప్పు రాదని తేలిపోయింది. ప్రావిడెంటు ఫండులోంచి కొంత, మా ఆవిడ నగలమీద కొంత, మా బావమరిది దగ్గర కొంత. నగల మాట వచ్చినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు భయం వేసింది.

అమలాపురంలో ఒక ప్లీడరుగారున్నారు. మా నాన్నగారి శిష్యుడు. ఆయన దగ్గర కూర్చున్నాక గ్రామకంఠం అనే మాటకి అర్థం తెలిసింది. మాట నాకు తెలియనిది కాదు. ఊరి నడిబొడ్డు, జనం కాపురముండే చోటు అని ఎన్నోసార్లు చదివాను. కాని రెవిన్యూ లెక్కల్లో అదొక వింత. పొలాలకి సర్వే నంబరు, పట్టా, అడంగలు, అన్నీ ఉంటాయి. ఇళ్ళున్న చోటుకి శిస్తు లేదు కాబట్టి తెల్లదొరల కాలంలో దాన్ని విడివిడిగా కొలవలేదు. ఊరు మొత్తానికీ ఒకటి రెండు నంబర్లు వేసి 'గ్రామకంఠం' అని రాసి వదిలేశారు. ఎవరి ఇల్లు ఎంతవరకు అన్నది ఊరి పెద్దలకి తెలుసు, కరణానికి తెలుసు. 1984లో కరణీకాలు పోయాయి. పెద్దలూ ఒకరొకరే పోయారు. ఇంక తెలిసినవాళ్ళు ఎవరంటే గోడలూ, చెట్లూను. కేంద్ర ప్రభుత్వం 2020లో 'స్వామిత్వ' అని పథకం పెట్టి పల్లెల్లో నివాస స్థలాల్ని డ్రోనులతో కొలవడం మొదలెట్టింది గాని, మేం బేరమాడిన నాటికి ఆ డ్రోను మా ఊరి మీద ఎగరలేదు.

"గ్రామకంఠం కొనకూడదని కాదు మాస్టారూ. సగం పల్లెలు కొనుక్కుంటున్నవి అవే. ముందు మీ నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూద్దాం. అందులోకి ఎక్కితే రిజిస్ట్రారు ముట్టుకోడు. తరవాత ఈసీ. కంప్యూటరులో 1983 నుంచే దొరుకుతుంది. వెనకవి చేతిరాత పుస్తకాల్లో వెతికించాలి. ఆ తరవాత, వాళ్ళకి ఇల్లెలా సంక్రమించిందో కాగితం కావాలి" అన్నారు ప్లీడరుగారు.

జాబితాలో లేదు. ఈసీలో ఏమీ లేదు. తాకట్టు లేదు, అమ్మకం లేదు. ఏమీ లేకపోవడం మంచిదే గాని, అసలా ఇల్లు ప్రపంచంలో ఉన్నట్టే ఆ కాగితానికి తెలియదు.

మూడోది దొరికింది. మామ్మగారు భగవద్గీత పుస్తకంలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చారు. 1962లో ఆవిడ భర్తా, ఆయన అన్నగారూ, తమ్ముడూ రాసుకున్న పంపకాల జాబితా. తెల్లకాగితం. స్టాంపు లేదు, రిజిస్ట్రేషను లేదు. కింద ముగ్గురి సంతకాలూ, అయిదుగురు సాక్షులూ.

ప్లీడరుగారు కాగితాన్ని నావైపు తోశారు. "తెలుగు లెక్చరరు మీరే కదా. ఇది మీరే చదివి చెప్పండి. పంచుకుంటున్నామని రాశారా, పంచుకున్నామని రాశారా?"

నేను ఆయన వేళాకోళం ఆడుతున్నారనుకున్నాను. కాదుట. ఆస్తిని ఆ కాగితమే పంచుతున్నట్టు ఉంటే, అంటే 'ఇందుమూలముగా పంచుకొనుచున్నాము' అని ఉంటే, దాన్ని రిజిస్టరు చేసి తీరాలి. చేయకపోతే కోర్టులో ఆ కాగితం చెల్లదు. అలాకాక, అంతకుముందే నోటిమాటగా పంచుకున్నదాన్ని జ్ఞాపకానికి రాసుకున్నదైతే రిజిస్ట్రేషను అక్కర్లేదు. 1976లో సుప్రీంకోర్టు కూడా ఈ తేడా స్పష్టంగా చెప్పింది. ఇరవైరెండు లక్షలు ఒక క్రియాపదం మీద నిలబడి ఉన్నాయన్నమాట!

క్లాసులో క్త్వార్థకం చెబుతుంటే పిల్లలు కిటికీలోంచి చూస్తూంటారు. "ఇవన్నీ ఎందుకండీ?" అని ఒకడు పైకే అడిగాడు కూడా. ఆ వేళ వాడు అక్కడుంటే బావుండును. కాగితం మొదటి వాక్యం ఇలా ఉంది: ఇదివరలో పెద్దమనుష్యుల సమక్షమున పంచుకొని, ఎవరి భాగము వారము అనుభవించుచున్నందున, జ్ఞాపకార్థము వ్రాసికొనిన జాబితా. 'పంచుకొని!' ముందు పంపకం జరిగింది, తరవాత అనుభవం, ఆ తరవాత రాత. నేను మూడుసార్లు చదివాను. ఆ కాగితం రాసిన కరణం ఎవరో గాని, ఏ చట్టం చదివి రాశాడో, చదవకుండానే రాశాడో, ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ప్లీడరుగారు మాత్రం, "సరే, ఒక గండం గడిచింది. ఇప్పుడు వారసులెవరు?" అన్నారు.

మామ్మగారు, కొడుకు. అంతే అన్నాను.

"కూతురు లేదా?"

ఉంది. రాజమహేంద్రవరంలో. ఆ సంగతి నాకు తెలుసు. తుపానునాడు నాకు పొడి తువ్వాలు ఇచ్చింది ఆవిడే. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. కాని కొడుకు మొదటే చెప్పాడు: "మా చెల్లెలి సంగతి వదిలెయ్యండి. పెళ్ళికే అంతా ఇచ్చేశాం. నాన్నగారి కర్మలకి వచ్చినప్పుడు మాటామాటా వచ్చింది, అప్పట్నుంచి రాకపోకల్లేవు." నేను వదిలేశాను. ఎందుకు వదిలేశానంటే, అడ్వాన్సు ఇచ్చేశాను గనక. ఇల్లు చేతికి రావాలి గనక. సిగ్గుచేటైన మాటే, కాని ఇక్కడ దాచడంలో అర్థం లేదు. ఆవిణ్ణి లెక్కలోంచి తీసెయ్యడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ప్లీడరుగారు నిదానంగా చెప్పారు. విల్లు రాయకుండా తండ్రి పోతే ఆయన ఆస్తిలో భార్యతోపాటు కొడుక్కీ కూతురికీ 1956 చట్టం ప్రకారమే వాటా ఉంది. పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1986లో పెళ్ళికాని ఆడపిల్లలకి ఇచ్చారు. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ ఇచ్చారు. "ఎవరికి ఎన్నో వంతు అనేది తరవాత లెక్క. సంతకం మాత్రం తప్పదు. అది లేకుండా కొంటే మీరు ఇల్లు కొనరు, దావా కొంటారు."

కొడుక్కి ఫోను చేశాను. కోపం వచ్చేసింది. "అయితే మానెయ్యండి మాస్టారూ, నాకు వేరే బేరం ఉంది" అన్నాడు. అడ్వాన్సు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడే అంది: "ఆయన్నడిగితే ఏం లాభం? అమ్మేది మామ్మగారు కదా, ఆవిణ్ణడగండి."

అడిగాను. మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. మండువాలో ఎండ గోడ మీదినుంచి గచ్చు మీదికి జారింది. "మూడు భాగాలు చెయ్యి నాయనా. నా మూడోభాగం నా దగ్గరే ఉండనీ. దాన్ని నువ్వు వెళ్ళి పిలుచుకురా. నేను పిలిస్తే రాదు" అన్నారు.

రాజమహేంద్రవరం వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే, "మా అన్నయ్య పంపాడా?" అంది.

"లేదండీ, ప్లీడరుగారు పంపారు" అన్నాను.

అంత బెంగలోనూ ఆవిడకి నవ్వొచ్చింది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "డబ్బక్కర్లేదని గొప్పకి పోను మాస్టారూ. మా పిల్ల ఇంజనీరింగు ఫీజుకి ఉన్నవన్నీ తాకట్టులోనే ఉన్నాయి. పెళ్ళికి అంతా ఇచ్చామంటాడే, ఏమిచ్చారో జాబితా రాసి ఉంటే చూపించమనండి" అంది. అన్నదమ్ముల పంపకానికి జాబితా ఉంది, అయిదుగురు సాక్షులతో. ఆడపిల్లకిచ్చినదానికి ఏ ఇంట్లోనూ కాగితం ఉండదు. ఇచ్చినవాడి నోరే సాక్ష్యం. నాకు జవాబు తోచక గ్లాసు అక్కడ పెట్టి లేచాను. "వస్తానని అమ్మకి చెప్పండి" అంది.

ఇంక మిగిలింది ప్లాను. బ్యాంకు ఎలాగూ లేదు కాబట్టి ప్లాను అక్కర్లేదనుకున్నాను. కాని రిజిస్ట్రేషనుకి ఇంటి వయస్సు, కప్పు రకం, కట్టుబడి విస్తీర్ణం చూపించాలిట. స్థలానికి కొలతలూ, నాలుగు హద్దులూ రాయాలి. అంచేత లైసెన్సున్న ఒక ఇంజనీరు కుర్రాణ్ణి తీసుకెళ్ళాం, ఉన్నది ఉన్నట్టు గీయమని. పల్లెల్లో కట్టుబడికి వివరంగా నిబంధనలు రాసింది 2002లో. అంతకు నలభైనాలుగేళ్ళ ముందు పుట్టిన ఇంటికి ఇప్పుడు బారసాల చేస్తున్నాడు ఆ అబ్బాయి. గోడమీద ఎర్రచుక్క పడే యంత్రం ఒకటి తెచ్చాడు.

మండువా దగ్గర ఆగిపోయాడు. "సార్, ఇది గదా, వరండానా, ఖాళీ స్థలమా?"

"మండువా."

"ఆ కాలం ఫారంలో లేదండీ."

ఈలోగా ఊరి తాపీమేస్త్రి వచ్చాడు. డెబ్బై అయిదేళ్ళు. ఈ ఇల్లు కట్టింది వాళ్ళయ్య. తను పన్నెండేళ్ళ కుర్రాడుగా సున్నం మోశాడు. "ప్లాను లేకేం మేస్టారండీ, ఉందండి. పెద్దయ్యగారు కాలవ ఇసకలో పుల్లెట్టి గీశారండి. మా అయ్య దాన్ని చూసి ఇక్కడ ముగ్గేశాడండి. సిద్ధాంతిగారు ఆయం కట్టి సరే అన్నారండి. ముప్పైమూడు, నలబయ్యైదు" అన్నాడు. కుర్రాడి యంత్రం ఒక పక్క ముప్పైమూడడుగుల ఒక అంగుళం చూపించింది. రెండో పక్క సరిగ్గా నలభై అయిదు. మేస్త్రి ఆ అంగుళానికి నొచ్చుకున్నాడు. "అది పూత అయ్యుంటదండి" అన్నాడు.

ఆయం అంటే పొడుగూ వెడల్పూ హెచ్చవేసి, తొమ్మిదితో గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలిన శేషం చూస్తారు. బేసి వస్తే మంచిది: ఒకటి ధ్వజం, మూడు సింహం, అయిదు వృషభం, ఏడు గజం. ముప్పైమూడు నలభై అయిదులు 1485, తొమ్మిదింతలు 13365, ఎనిమిదితో భాగిస్తే శేషం అయిదు. వృషభాయం. ఈ లెక్క మా కాలేజీ లెక్కల మాస్టారికి చూపిస్తే, "తొమ్మిదితో గుణించడం ఎందుకయ్యా? గుణించకపోయినా శేషం అదే వస్తుంది" అన్నాడు. చూస్తే నిజమే! 1485ని తిన్నగా భాగించినా అయిదే. ఇన్నాళ్ళూ సిద్ధాంతులు ఆ గుణకారం ఊరికే చేస్తున్నారన్నమాట. మేస్త్రికి మాత్రం ఆ సంగతి నేను చెప్పలేదు.

ఇల్లు సరిపోయింది గాని స్థలం సరిపోలేదు. 1962 జాబితాలో తూర్పు పడమరలు 54 అడుగులు, ఉత్తర దక్షిణాలు 96. యంత్రం ప్రకారం తూర్పు పడమరలు యాభైరెండున్నరే. మొత్తం మీద పదహారు గజాలు తక్కువ. పడమటింటాయన మామ్మగారి మరిది కొడుకు. దడి ప్రతి ఏడూ కొత్తగా కట్టుకున్నప్పుడల్లా కాస్త కాస్త ఇటు నడిచింది. నేను జాబితా చూపించాను. ఆయన కాగితం చదివి, తలెత్తి మా కప్పు చూశాడు.

"నిజమే మాస్టారూ. అడుగున్నర లోపలికొచ్చాం. మరి మీ చూరు నీళ్ళు అరవై ఏళ్ళుగా ఎక్కడ పడుతున్నాయో చూశారా? మేం ఎప్పుడైనా మాట్లాడామా?"

చూశాను. మా పడమటి చూరు వాళ్ళ దొడ్లోకే వంగి ఉంది. చూరునీరు పడే హక్కు అనేది ఒకటుందని, పాత దస్తావేజుల్లో దాన్ని ప్రత్యేకంగా రాసేవారని ప్లీడరుగారు తరవాత చెప్పారు. ఇరవై ఏళ్ళు అడ్డులేకుండా సాగితే ఆ హక్కు గట్టిపడుతుంది కూడాను. కాని ఆ పూట చట్టం ఎత్తితే పక్కింటితో జీవితాంతం మాటలుండవు. దడి అక్కడే ఉండేట్టు, చూరు అలాగే ఉండేట్టు ఒప్పుకున్నాం. దస్తావేజులో 560 గజాలే రాయించాను. చూరు మాట ఒక వాక్యం రాయించాను. నుయ్యి మాట మరొకటి: జాబితా ప్రకారం నుయ్యి మా దొడ్లోదే గాని నీళ్ళు ముగ్గురన్నదమ్ముల సంతతివీను. ఆ వాక్యం కొట్టించమని కొందరు సలహా ఇచ్చారు. పెరటి తలుపు వేసుకుని ఎవరికోసం తోడుకోవాలి ఆ నీళ్ళన్నీ?

రిజిస్ట్రేషనునాడు కొడుకు హైదరాబాదు నుంచి పొద్దున్నే దిగాడు. మూడు భాగాల సంగతి తల్లి అప్పటికే చెప్పినట్టుంది. మాట్లాడలేదు. నా వేరే బేరం ఏమైందని నేనూ అడగలేదు. నూటికి ఏడున్నర చొప్పున ఖర్చులు కట్టి, చెక్కులు మూడు రాసి కూర్చున్నాం. చెల్లెలు పదకొండు గంటలకి బస్సు దిగి వచ్చింది. తిన్నగా తల్లి పక్కన కూచుంది. అన్నగారు కాసేపటికి లేచి, బయటికెళ్ళి, నాలుగు టీలు తెచ్చాడు. మొదటి గ్లాసు ఎవరికివ్వాలో తెలియక నాకిచ్చాడు. నేను దాన్ని పక్కకి అందించాను. ఆవిడ తీసుకుంది. ఇంతకుమించి ఏమీ జరగలేదు. ఇద్దరూ వేలిముద్రల యంత్రం మీద ఒకరి తరవాత ఒకరు వేలు పెట్టారు. మామ్మగారి వేలిముద్ర మాత్రం అరిగిపోయి నాలుగుసార్లు పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు, అయిదోసారి ఒప్పుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి తాళాలు ఇచ్చారు. కూతురు ఇల్లంతా ఒకసారి తిరిగి, పెరట్లోంచి, "మాస్టారూ, ఈ గిలక నేను పట్టుకెళ్ళనా? నాన్న ద్రాక్షారం తిరణాల్లో నేనడిగితే కొన్నది" అంది. పట్టుకెళ్ళమన్నాను. అన్నగారే నూతిగట్టెక్కి విప్పి, చీకిన తాడు కోసి, దాన్ని పాత తువ్వాల్లో చుట్టి చెల్లెలి చేతికిచ్చాడు.

మర్నాడు పొద్దున్న పడమటింటావిడ బిందె తీసుకుని నీళ్ళకి వచ్చింది. నూతి మీద గిలక లేదు. నేను అమలాపురం వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చాను. దానికి మాత్రం బిల్లు అడిగి తీసుకుని, దస్తావేజుతోపాటు పెట్టెలో పెట్టాను.